రాష్ట్ర విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర విభాగంలో పరిశోధన: చేరేముందు ప్రయోగశాలలో ఏమి చూడాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో, నెలనెలా పరిశోధక భృతి ఇచ్చే జేఆర్‌ఎఫ్ సాధించారు. రాయలసీమలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, విరళ మృత్తిక మూలకాలు (యూరోపియం, నియోడైమియం వంటి రేర్ ఎర్త్స్) కలిపిన గాజు పదార్థాల మీద పనిచేసే ఆచార్యులొకరు మిమ్మల్ని పరిశోధక విద్యార్థిగా తీసుకోవడానికి సుముఖంగా ఉన్నారు. మీ స్నేహితులేమో అక్కడ అందరూ గాజు కరిగించడమే తప్ప మరొకటి చేయరని, అది పరిశోధనే కాదని, ఇంకో ఏడాది ఆగి ఐఐటీకో కేంద్రీయ విశ్వవిద్యాలయానికో ప్రయత్నించమని అంటున్నారు. అటువంటి విభాగంలో రోజువారీగా జరిగే పని నిజంగా ఏమిటో, చేరాలో వద్దో ఎలా తేల్చుకోవాలో చెప్పమని అడిగారు.

ఇదే రంగంలో, ఇటువంటి విభాగంలోనే ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని కనుక, నా మాటలో కొంత పక్షపాతం ఉండవచ్చునని ముందే ఒప్పుకుంటున్నాను. నేను పరిశోధనలో చేరిన కొత్తలో "మావాడు గాజుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు" అని మా అమ్మ చెబితే, ఊళ్లోవాళ్లు తిరుపతిలో గాజుల కొట్టు పెట్టాననుకున్నారు. మీ స్నేహితుల మాట దానికంటే కొంత నయం. అందులో సగం నిజం ఉంది. కానీ ఐఐటీనా, రాష్ట్ర విశ్వవిద్యాలయమా అన్న ప్రశ్నకంటే ముందు మీరు తేల్చుకోవలసింది మరొకటి ఉంది: మీరు చేరబోయే ప్రయోగశాలలో తాము కొలిచిన అంకెను తామే అనుమానించే అలవాటు ఉన్నదా, లేదా? ఆ అలవాటు ఉన్న చోట పాత ఫర్నేస్‌తో కూడా మంచి పరిశోధన జరగడం చూశాను. లేని చోట కోట్ల రూపాయల పరికరం కూడా అచ్చుకు వెళ్లే గ్రాఫులను మాత్రమే ఉత్పత్తి చేస్తుంది. ఆ అలవాటును బయటినుంచి ఎలా పసిగట్టాలో చెప్పాలంటే, ఒక గాజు ముక్క ఫర్నేస్‌లో పుట్టి సిద్ధాంత గ్రంథంలో (థీసిస్‌లో) పట్టికగా మారేవరకు ఏమి జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి.

ముందుగా రసాయనాలను తూస్తారు. బోరేట్ గాజు అనుకుందాం: బోరిక్ ఆమ్లం, ఒకటి రెండు కార్బనేట్లు, అందులో నూటికి ఒక మోల్ చొప్పున యూరోపియం ఆక్సైడో నియోడైమియం ఆక్సైడో వేసి, అగేట్ కల్వంలో మెత్తగా నూరి, క్రూసిబుల్‌లో పోసి, దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు కరిగిస్తారు. ఆ కరుగును ముందే వేడిచేసి ఉంచిన ఇత్తడి పలక మీద పోసి, మరో పలకతో అదిమి, వెంటనే 350 నుంచి 400 డిగ్రీల మధ్య ఉన్న రెండో ఫర్నేస్‌లోకి చేరుస్తారు. లోపలి ఒత్తిడి తగ్గేవరకు గంటల తరబడి అక్కడే ఉంచి మెల్లగా చల్లార్చాలి. తొందరపడితే మరునాడు సానపట్టేటప్పుడు ముక్క మీ వేళ్ల మధ్యే పగులుతుంది. తరువాత రెండు ముఖాలనూ నునుపుచేసి, శోషణ వర్ణపటం (ఏ రంగు వెలుగును ఎంత పీలుస్తుందో), వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో), సాంద్రత, ఉద్గార వర్ణపటం (ఏ రంగు వెలుగును వెదజల్లుతుందో), ఉత్తేజిత స్థితి జీవితకాలం (శక్తి పీల్చిన అయాన్ దాన్ని ఎంతసేపు నిలుపుకుంటుందో) వరుసగా కొలుస్తారు. ఇదంతా వినడానికి వంటలా ఉంటుంది. నిజానికి మొదటి ఆరు నెలలు అది వంటే.

పరిశోధన మొదలయ్యేది ఆ వంటలో తప్పు ఎక్కడ జరిగి ఉంటుందని అడిగినప్పుడు. ఉదాహరణకు, 100 గ్రాముల బోరిక్ ఆమ్లం వేడెక్కి నీటిని పూర్తిగా వదిలితే సుమారు 56 గ్రాముల బోరాన్ ఆక్సైడ్ మిగలాలి. ఆవిరితోపాటు కొంత బోరాన్ కూడా లేచిపోతుంది కనుక చివరికి మిగిలేది అంతకంటే తక్కువే ఉంటుంది. ఎంత తక్కువో తెలియాలంటే క్రూసిబుల్‌ను కరిగించడానికి ముందూ తరువాతా తూయాలి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు వెచ్చించని ప్రయోగశాలలో పట్టికలో రాసిన కూర్పు తూచినప్పటి కూర్పే తప్ప గాజులో ఉన్న కూర్పు కాదు. అలాగే ప్లాటినం క్రూసిబుల్ ఖరీదు కనుక పింగాణీ వాడతారు. అందులో తప్పు పట్టవలసింది లేదు. కానీ కరుగు పింగాణీని కొద్దికొద్దిగా తినేస్తుంది. అందులోని సిలికా, అల్యూమినా గాజులోకి చేరతాయి. ఆ సంగతి తెలిసి, ఎంత చేరిందో కనీసం ఒక నమూనాలోనైనా విశ్లేషణ చేయించిన వారి దగ్గర చేరండి. "అది మామూలే" అని కొట్టిపారేసేవారి దగ్గర చేరేముందు కొంచెం ఆలోచించండి.

వక్రీభవన గుణకం సంగతి ఇంకా ఆసక్తికరం. చాలా విభాగాలలో దీన్ని సోడియం దీపం వెలుగులో అబే రిఫ్రాక్టోమీటర్‌తో కొలుస్తారు. గాజుకూ ఆ పరికరంలోని పట్టకానికీ మధ్య మోనోబ్రోమోనాఫ్తలీన్ చుక్క వేస్తారు. ఆ ద్రవపు వక్రీభవన గుణకం సుమారు 1.66. నమూనా గుణకం దానికంటే తక్కువగా ఉన్నప్పుడే ఈ పద్ధతి పనిచేస్తుంది. టెల్లూరియం ఆక్సైడ్ ఎక్కువగా ఉన్న గాజుల గుణకం 2 దరిదాపులకు చేరుతుంది కనుక, అటువంటి గాజును ఇదే పద్ధతిలో కొలిచామని ఎవరైనా రాస్తే అది ఎలా సాధ్యమైందో మీరు అడగాలి. ఈ ప్రశ్న అడిగిన పరీక్షకుడి ముందు వైవాలో తెల్లబోయిన అభ్యర్థులను చూశాను. పాపం, వారిలో చాలామంది ఆ అంకెను తమ సీనియర్ సిద్ధాంత గ్రంథం నుంచి యథాతథంగా తెచ్చుకున్నవారే.

ఇంత చిన్న అంకెకు ఇంత పట్టింపు ఎందుకంటారా? ఈ రంగంలో లెక్కలన్నీ 1962లో బ్రయాన్ జడ్, జార్జ్ ఓఫెల్ట్ విడివిడిగా ప్రచురించిన సిద్ధాంతం మీద నడుస్తాయి. శోషణ పట్టీల తీవ్రతల నుంచి ఒమేగా-2, ఒమేగా-4, ఒమేగా-6 అనే మూడు రాశులను రాబట్టి, వాటి నుంచి ఉద్గార సంభావ్యతలనూ వికిరణ జీవితకాలాన్నీ లెక్కిస్తారు. వక్రీభవన గుణకం ఈ లెక్కలో రెండుసార్లు వస్తుంది: శోషణ దగ్గర ఒక రూపంలో, ఉద్గారం దగ్గర మరో రూపంలో. నిజమైన గుణకం 2.0 అయినచోట 1.9 అని వేస్తే, ఉద్గారం వైపు దానివల్ల వచ్చే హెచ్చవేత సంఖ్య 8 నుంచి సుమారు 6.6కు పడిపోతుంది; శోషణ వైపు జరిగే తప్పు దాన్ని కొంత సరిపుచ్చుతుంది; అయినా చివరికి ఉద్గార రేటులో దాదాపు 10 శాతం తేడా మిగులుతుంది. దీనికి నమూనా మందం తోడవుతుంది. రెండు మిల్లీమీటర్ల ముక్క ఒక అంచున 0.1 మిల్లీమీటరు పలచబడితే అక్కడే ఐదు శాతం పోయింది. ఇక యూరోపియం వంటి అయాన్లకు వాడుకోదగిన శోషణ పట్టీలు కొద్దే ఉంటాయి; మూడు అజ్ఞాత రాశులను నాలుగు పట్టీల నుంచి తేల్చినప్పుడు ఆ అంకెల తరువాత దశాంశ బిందువు వెనుక మూడు స్థానాలు రాయడం ఒక రకమైన ధైర్యం. క్వాంటం సామర్థ్యం, అంటే ఉత్తేజిత అయాన్లలో వెలుగునిచ్చేవాటి వంతు, నూటికి నూట ఆరు అని తేల్చిన రాతప్రతి ఒకటి ఒకసారి నా దగ్గరకు సమీక్షకు వచ్చింది. రచయితలు దాన్ని విశేషంగా భావించారు.

మీరు చేరబోయే ప్రయోగశాల ప్రచురించిన వ్యాసాలు నాలుగైదు తీసి, వాటిలో ఈ రాశులకు దోషపరిమితులు (అంకె ఎంత అటూఇటూ కావచ్చో) ఇచ్చారో లేదో చూడండి. ఈ ఒక్క పరీక్ష మీకు చాలా చెబుతుంది.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఇది నేను పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పటిది. ఫాస్ఫేట్ గాజులో నియోడైమియం గాఢతను అంచెలంచెలుగా పెంచుతూ, 1.06 మైక్రోమీటర్ల దగ్గర వెలువడే ఉద్గారపు జీవితకాలాన్ని కొలుస్తున్నాను. గాఢత పెరిగే కొద్దీ జీవితకాలం తగ్గాలి, ఎందుకంటే దగ్గర దగ్గరగా ఉన్న అయాన్లు ఒకదానికొకటి శక్తిని అందించుకుంటూ వెలుగుగా మారకుండానే దాన్ని పోగొట్టుకుంటాయి. నా నమూనాలలోనూ తగ్గింది. అనుకున్నదానికంటే చాలా వేగంగా తగ్గింది. ఏడు నెలలు దాని చుట్టూ ఒక వివరణ అల్లుకున్నాను, వ్యాసం రాతప్రతి కూడా సిద్ధం చేశాను. మా గురువుగారు గ్రాఫును చూసి, "అడుగున గాఢతకు బదులు నమూనా తయారుచేసిన తేదీ వేసి గీసుకురా" అన్నారు. గీశాను. అదే వంపు, అంతే అందంగా వచ్చింది. తక్కువ గాఢతతో మొదలుపెట్టి వరుసగా పైకి వెళ్లాను కనుక, తక్కువ గాఢత నమూనాలన్నీ మే నెల ఎండల్లో, ఎక్కువ గాఢతవన్నీ అక్టోబరు, నవంబరు వానల్లో కరిగించినవి. ఫాస్ఫేట్ రసాయనాలు తేమను ఇష్టంగా పీల్చుకుంటాయి. ఆ నీరు హైడ్రాక్సిల్ రూపంలో గాజులో మిగిలిపోయి, తన కంపనాలతో నియోడైమియం శక్తిని లాక్కుంటుంది. పరారుణ వర్ణపటం తీయగానే ఆ పట్టీ స్పష్టంగా కనబడింది. రసాయనాలను ముందుగా ఆరబెట్టి, ఎక్కువసేపు కరిగించి, వరుస మార్చి మళ్లీ చేస్తే తగ్గుదల సగానికి పైగా మాయమైంది. మిగిలినదే నిజమైన గాఢత ప్రభావం.

ఆ తరువాత మా ప్రయోగశాలలో నమూనాలను చీట్లు తీసి వచ్చిన వరుసలో కరిగించేవాళ్లం. ప్రతి శ్రేణిలోనూ ఒక నమూనాను వేరే నెలలో మళ్లీ తయారుచేసేవాళ్లం. అయాన్ ఏదీ కలపని ఖాళీ గాజు ఒకటి తప్పనిసరిగా ఉండేది. వీటిలో దేనికీ అదనపు గ్రాంటు అవసరం లేదు. మీరు చూడబోయే చోట నమూనాలను ఏ వరుసలో కరిగిస్తారో అడిగి చూడండి. ఆ ప్రశ్న వారికి వింతగా తోచిందో, వెంటనే అర్థమైందో వారి ముఖంలోనే తెలిసిపోతుంది.

ఇక మీ స్నేహితుల మాటలోని నిజమైన సగం. గాజు రంగంలో వ్యాసాల ఉత్పత్తి ఒక యంత్రంలా మారే ప్రమాదం ఉంది. జింకు వేసి ఒక వ్యాసం, జింకు స్థానంలో బేరియం వేసి మరొకటి, స్ట్రాన్షియం వేసి ఇంకొకటి. పద్ధతి అదే, పట్టికలు అవే, ముగింపులో "ఈ గాజు లేజర్ అనువర్తనాలకు అనుకూలం" అన్న వాక్యం అదే. ఆ గాజుతో ఎవరూ లేజర్ చేయరు. మార్పు చేయడంలో తప్పు లేదు. ఆ మార్పు ఒక ప్రశ్నకు సమాధానం కావాలి. యూరోపియాన్నే తీసుకోండి. దాని ఉద్గారంలో 590 నానోమీటర్ల దగ్గరి నారింజ పట్టీ అయస్కాంత ద్విధ్రువ స్వభావం గలది, చుట్టుపక్కల అణువులను అంతగా పట్టించుకోదు. 612 దగ్గరి ఎరుపు పట్టీ చుట్టూ ఉన్న అమరికలోని అసౌష్ఠవానికి బాగా స్పందిస్తుంది. కాబట్టి ఈ రెండింటి నిష్పత్తి అయాన్ ఎటువంటి ఇంట్లో కూర్చున్నదో చెప్పే సూచిక. బేరియం వేసినప్పుడు ఈ నిష్పత్తి ఎందుకు మారింది, బోరాన్ చుట్టూ ఉన్న ఆక్సిజన్ల సంఖ్య మారడం వల్లనా, యూరోపియం దగ్గరకు బేరియమే వచ్చి చేరడం వల్లనా అని అడిగితే అది భౌతికశాస్త్రం. నిష్పత్తి 3.2 నుంచి 3.5 అయిందని రాసి ఊరుకుంటే అది దుకాణంలో సరుకుల జాబితా. మీ కాబోయే గైడ్‌ను మొదటి భేటీలోనే వినయంగా ఇలా అడగండి: "ఈ కూర్పును ఎంచుకోవడానికి కారణం ఏమిటండీ?" పేరున్న పత్రికలో ఇంకెవరూ వేయలేదు కాబట్టి అన్న సమాధానం వస్తే మీరే అర్థం చేసుకోవచ్చు.

పైన చెప్పిన ప్రశ్నకు సమాధానం విభాగంలోని పరికరాలతో దొరకకపోవచ్చు. అటువంటప్పుడు ఏమి చేస్తారన్నది నేను చూసే మరో గుర్తు. ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రంలో 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో నడిచే ఇండస్-2 సింక్రోట్రాన్ (తీవ్రమైన ఎక్స్-కిరణాలనిచ్చే యంత్రం) ఉంది. అక్కడి ఎక్స్-కిరణ శోషణ కేంద్రాలలో యూరోపియం చుట్టూ ఆక్సిజన్లు ఎంత దూరాన ఎన్ని ఉన్నాయో నేరుగా అంచనా వేయవచ్చు. ఢిల్లీలోని అంతర విశ్వవిద్యాలయ త్వరణ కేంద్రం, ఇండోర్, ముంబయి, కోల్‌కతాలలో శాఖలున్న యూజీసీ-డీఏఈ సంయుక్త కేంద్రం వంటివి ఏర్పడిందే విశ్వవిద్యాలయాల వాళ్ల కోసం. ప్రతిపాదన రాసి, సమీక్షలో నెగ్గి, కేటాయించిన కొద్ది రోజులలో రాత్రింబవళ్లు కూర్చుని పని పూర్తిచేసుకోవాలి. నా విద్యార్థులలో బాగా ఎదిగినవారందరికీ ఒక పోలిక ఉంది: పీహెచ్‌డీ కాలంలో కనీసం రెండుసార్లు నమూనాల డబ్బా పట్టుకుని స్లీపర్ బోగీలో ఇండోర్‌కో ఢిల్లీకో వెళ్లినవారు. అక్కడ పరికరం ఒక్కటే కాదు, వేరే చోట్ల నుంచి వచ్చిన స్కాలర్లు కాఫీ దగ్గర అడిగే ఇబ్బందికరమైన ప్రశ్నలు కూడా దొరుకుతాయి. మీరు చేరబోయే బృందంలో గత ఐదేళ్లలో ఎంతమంది ఇలా వెళ్లివచ్చారో కనుక్కోండి.

తెలుగు ప్రాంతంలో వర్ణపటశాస్త్రం ఇంతగా ఎందుకు పాతుకుపోయిందని కొందరు వెటకారంగా అడుగుతుంటారు కనుక, ఆ చరిత్రను కూడా కొంచెం చెప్పాలి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930ల తొలినాళ్లలో వాల్తేరులో విజ్ఞానశాస్త్ర బోధన మొదలుపెట్టినప్పుడు, జయపురం మహారాజా విక్రమ్ దేవ్ వర్మ విరాళం దానికి ఊపిరిపోసింది. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం 1932లో అక్కడికి వచ్చారు. లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ దగ్గర శిక్షణ పొందిన కె. రంగధామరావు పరమాణు, అణు వర్ణపటాలను చేపట్టారు. ఒక వర్ణపటలేఖిని, పాదరసపు దీపం, ఫొటో ప్లేట్లు కడిగే చీకటి గది, ఓపిక ఉంటే ప్రపంచస్థాయి ఫలితం తేవచ్చునన్నది ఆ తరానికి అనుభవంలో తేలిన విషయం. డబ్బులేని విశ్వవిద్యాలయానికి అంతకంటే తగిన శాఖ లేదు. భగవంతం ఆ తరువాత ఉస్మానియా ఉపకులపతిగా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ సంచాలకులుగా, రక్షణమంత్రి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. రంగధామరావు మాత్రం వాల్తేరులోనే ఉండి తరాలకు తరాల విద్యార్థులను తయారుచేశారు. అదే విశ్వవిద్యాలయంలో పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద కేంద్రక భౌతికశాస్త్రానికి ప్రయోగశాల నిర్మించారు, బి. రామచంద్రరావు అయనోస్ఫియర్ (వాతావరణంలో పైనున్న విద్యుదావేశపు పొర) పరిశోధనను నిలబెట్టారు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2006లో కడపలో యోగివేమన విశ్వవిద్యాలయం ఏర్పడినకొద్దీ ఆ వర్ణపటశాస్త్రపు వారసత్వం రాయలసీమకు పాకింది. ఫొటో ప్లేటు పోయి డిటెక్టర్ వచ్చింది, వాయువు స్థానంలో గాజు వచ్చింది. వనరులు తక్కువ ఉన్నచోట వెలుగును కొలిచి పదార్థాన్ని అర్థం చేసుకోవడమన్న మూలసూత్రం అదే. కాబట్టి మీ స్నేహితులు నవ్వే ఆ ఫర్నేస్‌కు తొంభై ఏళ్ల వంశవృక్షం ఉంది. అది గర్వించదగిన వంశవృక్షమే. అయితే తాతలు తాగిన నేతి వాసన మన మూతికి అంటదు కదా.

ఇక ఐఐటీ, కేంద్రీయ విశ్వవిద్యాలయాల సంగతి. మీకు అతిశీతల ఉష్ణోగ్రతల దగ్గర పదార్థాల ప్రవర్తన మీదనో, సిద్ధాంత భౌతికశాస్త్రం మీదనో, కణ భౌతికశాస్త్రం మీదనో నిజమైన ఆసక్తి ఉంటే నిస్సందేహంగా అటే ప్రయత్నించండి. ద్రవ హీలియం దొరకని చోట మొదటి దానికి, వారం వారం సెమినార్ జరగని చోట మిగతా రెండింటికి మీ యౌవనం వృథా అవుతుంది. అక్కడ తోటి విద్యార్థుల నుంచి నేర్చుకునేది గైడ్ నేర్పేదానికంటే తక్కువ కాదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి నిండకపోవడంతో అటువంటి వాతావరణం పలచబడిందన్నది నేను దాచను. ఒక ఆచార్యులు పదవీ విరమణ చేస్తే ఆయన గది తాళంతోపాటు ఒక రంగమే మూతపడటం చూశాను. కానీ "పేరున్న సంస్థ" అన్న ఒక్క కారణంతో, ఆసక్తి లేని అంశంలో చేరి మూడో ఏట మానేసినవారు కూడా నాకు తెలుసు. పొరుగింటి పుల్లకూరకు ఎప్పుడూ రుచి ఎక్కువే. పైగా తిరుపతిలో 2015 నుంచి ఐఐటీ, ఐసర్ (కేంద్ర విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ) రెండూ ఉన్నాయి. దగ్గరలోని గాదంకిలో 1024 యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసే వాతావరణ రాడార్ 1990ల నుంచి ఉంది. రాయలసీమలో చేరినంత మాత్రాన మీరు ఒంటరి ద్వీపంలో పడినట్టు కాదు. బస్సెక్కి వెళ్లి సెమినార్‌లో కూర్చోవడానికి ఎవరి అనుమతీ ఎక్కువగా అవసరం లేదు, గైడ్‌కు అభ్యంతరం లేకపోతే చాలు. అభ్యంతరం ఉందంటే అది మరో గుర్తు.

నిబంధనలు, డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, తరువాతి దశ అయిన ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000, ఇంటి అద్దె భత్యం వేరు, మొత్తం ఐదేళ్లు. ఈ డబ్బు మీ వెంట వచ్చేది కనుక మీరు ఎంచుకునే స్థితిలో ఉన్నారని మరచిపోవద్దు. ఫెలోషిప్ తెచ్చుకున్న విద్యార్థి ఏ విభాగానికైనా కావలసినవాడే. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు పడుతుంది, గరిష్ఠంగా ఆరేళ్లు. కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ ఉంటుంది. ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురికి మించి ఉండకూడదు. వ్యాసం ప్రచురించి తీరాలన్న దేశవ్యాప్త షరతు ఆ నిబంధనలలో లేదు, కానీ మీ విశ్వవిద్యాలయం తన వంతుగా పెట్టుకుని ఉండవచ్చు, చేరేముందు కనుక్కోండి. డబ్బు కడితే రెండు వారాల్లో అచ్చువేసే పత్రికల జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లవద్దు. ఇప్పుడు చదువుకోవడానికి పత్రికలు దొరకవన్న సాకు కూడా తగ్గింది: 2025 జనవరి నుంచి ఒకే దేశం ఒకే చందా పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు ముప్పై ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. నా కాలంలో ఒక వ్యాసపు నకలు కోసం రచయితకు పోస్ట్‌కార్డు రాసి రెండు నెలలు ఎదురుచూసేవాళ్లం.

గ్రాంట్ల విషయం మీకు మొదటి రోజు ఎవరూ చెప్పరు కనుక ఒక మాట. పరికరం మంజూరవడం ఒక ఎత్తు, అది పనిచేస్తూ ఉండడం మరో ఎత్తు. కొటేషన్లు, టెండరు, ఆడిట్, వినియోగ ధ్రువపత్రం అన్నీ దాటి వచ్చిన స్పెక్ట్రోఫోటోమీటర్, వారంటీ ముగిసి వార్షిక నిర్వహణ ఒప్పందానికి డబ్బు లేక, చివరికి ఒక దీపం మాడిపోయినందుకు మూలన పడుతుంది. కాబట్టి ప్రయోగశాల చూడడానికి వెళ్లినప్పుడు ఏయే పరికరాలున్నాయని అడగవద్దు. గత నెలలో ఏది వాడారు, చివరిసారి దేన్ని ఎప్పుడు క్రమాంకనం (కాలిబ్రేషన్) చేశారు, ఆ పుస్తకం ఏదీ అని అడగండి. లాగ్‌బుక్కులో తేదీలు వరుసగా, రకరకాల చేతిరాతలలో, అక్కడక్కడ కొట్టివేతలతో ఉంటే అది బతికున్న పరికరం. ఒకే చేతిరాతలో, ఒకే సిరాతో, రెండేళ్ల రాతలు నీటుగా ఉంటే అది తనిఖీ బృందం కోసం రాసిన పుస్తకం.

మీరు అడిగిన చివరి మాట, ఈ పీహెచ్‌డీతో ఉద్యోగం వస్తుందా అన్నది. నా విద్యార్థులు కళాశాలలలో, రక్షణ ప్రయోగశాలలలో, విదేశీ పోస్ట్‌డాక్టరల్ పదవులలో, ఇద్దరు మాత్రం ఎల్‌ఈడీ, ఆప్టికల్ పూతల పరిశ్రమలో స్థిరపడ్డారు. పరిశ్రమలోకి వెళ్లినవారిని ఇంటర్వ్యూలో ఒమేగా రాశుల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. ఫొటోమల్టిప్లయర్ (మసక వెలుగును పట్టే గొట్టం) ఎందుకు గోలచేస్తుంది, డిటెక్టర్ స్పందనను తరంగదైర్ఘ్యాన్నిబట్టి ఎలా సరిచేస్తావు, రెండు కొలతలు కలవకపోతే ముందు దేన్ని అనుమానిస్తావు అని అడిగారట. సొంతంగా చేతులు మురికి చేసుకున్నవారికి ఈ ప్రశ్నలు ఇంటి ముచ్చట్లలా ఉంటాయి. నమూనాలు సీనియర్ చేసి, కొలతలు డబ్బు కట్టి బయట చేయించుకుని, గ్రాఫులు మాత్రం తాము గీసుకున్నవారికి ఇవి మరో భాష.

కాబట్టి ఉత్తరం రాసి సీటు ఖాయం చేసుకునే ముందు, ఆ ఆచార్యులను ఒక వారంపాటు ప్రయోగశాలలో ఊరికే కూర్చోనివ్వమని అడగండి. మంచి గైడ్ దీనికి సంతోషిస్తారు. నాలుగో ఏడు, ఐదో ఏడు స్కాలర్లతో క్యాంటీన్‌లో టీ తాగండి. పగిలిన, పాలిపోయిన, స్ఫటికాలు కట్టిన చెడిపోయిన నమూనాలను ఎక్కడ దాస్తారో చూపించమనండి. వాటి మీద కూర్పు, తేదీ రాసి డబ్బాలో పెట్టుకున్నారా, చెత్తబుట్టలో వేశారా గమనించండి. మన ఊళ్ల సంగతి మీకు తెలిసిందే కనుక, ఆ వారంలో కనీసం ఒక్కసారైనా కరెంటు పోతుంది. ఫర్నేస్ వెయ్యి డిగ్రీల దగ్గర ఉండగా, లోపల కరుగు ఉండగా పోతే ఇంకా మంచిది. అప్పుడు ఎవరు లేచి పరుగెత్తుతారో, పట్టకారు ఎవరి చేతిలో ఉంటుందో, ఆ నమూనా ఎదురుగా పుస్తకంలో "మధ్యలో విద్యుత్ అంతరాయం" అని రాస్తారో రాయరో చూసి, అప్పుడు నిర్ణయించుకోండి.